దగ్గరి కొట్టు, మావయ్య కొట్టు

ఆ రోజుల్లో ఆర్థికశాస్త్రం చదివిన కుర్రాడికి లోకమంతా ఒక గ్రాఫు కాగితం మీద ఇమిడిపోతుందని గట్టి నమ్మకం ఉండేది. నాకైతే ఒక పాలు ఎక్కువే. బరంపురం కాలేజీలో తాత్కాలిక లెక్చరరుగా చేరి, మా గంజాం జిల్లా ఊళ్ల మీద, బజార్ల మీద థీసిస్ రాస్తున్నాను. ఖల్లికోటకీ, పొలసరకీ, గోపాల్‌పూర్‌కీ చుక్కలు పెట్టి, వాటి చుట్టూ తేనెపట్టు గదుల్లా గీతలు గీసి నేను తేల్చిందేమిటంటే, సరుకూ ధరా ఒకటే అయినప్పుడు మనిషి దగ్గరి కొట్టుకే వెళతాడని. (ఇంత మాట చెప్పడానికి దిండంత లావు పుస్తకం రాశాను.) గైడుగారు సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. లేకపోతే వేసవి సెలవులు రాగానే నేనూ ఇంటికే.

సంతకం పెట్టేముందు ఒకసారి ఊరు చూస్తానని ఆయన విశాఖపట్నం నుంచి వచ్చారు. చూడటం అయ్యాక, "మా ఆవిడ బరంపురం పట్టుచీర తెమ్మందయ్యా" అన్నారు. బస్టాండు ఎదురుగానే పట్టుచీరల కొట్లు వరసగా ఉన్నాయి. నేను ఒక్కదాని వైపూ చూడకుండా, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆయన్ని ఊరి ఆ చివరికి నడిపించుకుపోయాను. పాపం, జేబురుమాలు నెత్తిన వేసుకుని నా వెనకాలే వచ్చారు.

కొట్లో కూర్చున్న మా మేనమామ ఆయన అవస్థ చూసి కంగారుపడిపోయాడు. "ఏటల్లుడూ, మేస్టారిని ఇంతెండలో నడిపించుకొచ్చీసినావు? బస్టాండు కాడ కొట్లు లేవేటి? అక్కడా ఇయ్యే సీరలు, ఇదే ధర కదా!"

"ఉంటే? నువ్వుండగా పరాయి కొట్టు మెట్లెక్కుతానేటి మావయ్యా?" అనేశాను, ఛాతీ విరుచుకుని.

గైడుగారు తాగుతున్న మంచినీళ్ల గ్లాసు కిందపెట్టి నా వైపు చూశారు. "ఏమయ్యా, నీ థీసిస్‌లో వినియోగదారుడికి మేనమామ లేడా?"

ఆయన సంతకం పెట్టలేదు. "నా మూలాన్నేటి బాబూ ఇదంతా? పిల్లోడి మీద దయుంచండి" అంటూ మావయ్య చీర ధర తగ్గించి మరీ బతిమాలాడు. (చీర తీసుకున్నారు, దయ మాత్రం చూపలేదు.) మళ్లీ ఊళ్లన్నీ తిరిగి, చుట్టరికాల బేరాల మీద కొత్త అధ్యాయం రాశాక గానీ నా ఉద్యోగం నిలవలేదు. నేను జన్మలో రాసినవాటిలో నలుగురూ మెచ్చుకున్నది ఆ ఒక్క అధ్యాయాన్నే.

మావయ్య పోయి చాలా కాలమైంది. ఆ కొట్లో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మొన్న మనవరాలి పెళ్లికి పట్టుచీర కావలసివస్తే, బస్టాండు ఎదురుగా ఆటో దిగినచోటే కొనేశాను. చెమటైనా పట్టలేదు. కొట్టివేయించుకున్న నా మొదటి సిద్ధాంతం ఇన్నాళ్లకి నా విషయంలోనే నిజమైందని నవ్వుకున్నాను. చీర బాగుంది, ధరా బాగుంది. "ఏటల్లుడూ" అనే మనిషే లేడు.