మాలకీ కొత్త కళ్ళు, అసంప్టా కత్తి

మా ఆయన మాలకీ పాడెన్ అరవై ఆరేళ్ళ బతుకులో యాభై ఏళ్ళు కొలిమి ముందే గడిచాయి. గేట్లూ గుర్రపు నాడాలూ చేస్తాడు గానీ ప్రాణమంతా కత్తుల మీదే. మా పూర్వీకులు పట్టినవాటిలాంటివి: ఆకులా నడుము వెడల్పై కొన సన్నబడే అలుగు, చేతులు పైకెత్తిన బుల్లి మనిషిలా పిడి. మా ఎర్రిస్ ప్రాంతంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, అదే నా ఖర్మ.

మొన్న వసంతంలో రెండు కళ్ళకూ శుక్లాలు తీయించాం. డాక్టరు సరేననగానే కొలిమి రాజేశాడు. బడిపంతులమ్మ అసంప్టా డీన్ పాత యుద్ధాల వేషాలు కడుతుంది. ఆమెది ఎడమచేతి వాటం. ఆ పిడికిలి కొలతకే కత్తి కావాలంది.

అలుగు గట్టిపడాలంటే సరైన ఎరుపు వచ్చిన క్షణంలోనే నూనెలో ముంచాలి. ఆ రంగు తెలియడానికి పట్టపగలే తలుపులు మూసి చీకటి చేస్తారు. మాలకీ చూశాడు, ముంచాడు, తీసి ఆకురాయి పెట్టాడు. అది కరకరా కొరికేసింది. అలుగు మెత్తగానే ఉండిపోయింది. రెండోసారీ అంతే. ఇంకోసారి కూడా తప్పితే పగిలి ఊరుకుంటుంది.

"కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నా పని అయిపోయిందే సబీనా. కొలిమి మూసేస్తా," అన్నాడు. వారం రోజులు తల దించుకునే తిరిగాడు. నాకు నిజంగా భయమేసింది.

కత్తి ఎంతవరకొచ్చిందో చూడడానికి అసంప్టా వచ్చింది. సంగతి విని పకపకా నవ్వింది.

"మా అమ్మా అంతే మాలకీ మామా! కళ్ళు చేయించుకుని ఇంటికొచ్చి, నా పసుప్పచ్చ కర్టెన్లు మార్చేసిందెవరని గొడవ. అవి మొదట్నుంచీ తెల్లవే!"

నాకు అప్పుడు వెలిగింది. పాత కళ్ళతో నేర్చుకున్న ఎరుపు కోసం ఈ మనిషి కొత్త కళ్ళతో వెతుకుతున్నాడు. ఇప్పుడు అన్నీ ధగధగలాడుతుంటే, సగం కాలగానే అయిపోయిందనుకుని తీసేస్తున్నాడు! పాత రేడియోలోంచి అయస్కాంతం పీకి, రాగి తీగకు కట్టి తెచ్చాను. ఇనుము చాలినంత కాలితే అయస్కాంతానికి అంటుకోదు.

"మా నాన్న ఇలాంటివి ముట్టుకున్నాడా?" అని ఎగిరాడు.

"మీ నాన్నకి కళ్ళు మార్చారా? పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటే ఎలాగయ్యా!"

తలుపులు మూశాం. కాలుతున్న అలుగుకి అయస్కాంతం తాకించాను. అంటుకుంది. ఇంకా అంటుకుంది. ఆ తర్వాత జారిపోయింది.

"ఓరి దేవుడా, ఇదా ఆ రంగు? ఇంత వెలుగా!" అంటూ ఇంకాస్త కాల్చి ముంచాడు. నూనె భగ్గుమంది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. తీసి ఆకురాయి పెడితే, గాజు మీద గీసినట్టు జర్రున జారిపోయింది. పగులూ లేదు, వంకరా లేదు.

అసంప్టా కేక పెట్టింది. నాకు ఏడుపొచ్చేసింది. గుండెల మీంచి కుంపటి దించినట్టయింది. మాలకీ అక్కడే కూలబడి, మళ్ళీ మళ్ళీ ఆకురాయి జార్చి చూసుకున్నాడు. తర్వాత లేచి తలుపులు బార్లా తెరిచాడు.

వెలుతురులో నావైపు తిరిగి, కొత్త కళ్ళు వచ్చాక మొదటిసారి నా ముఖంలోకి సరిగ్గా చూశాడు. చాలాసేపు చూశాడు.

"సబీనా, నీ జుట్టంతా ఎప్పుడు తెల్లబడిపోయిందే?"