మెడికేర్ బోణీ

అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళోని తెలుగువాళ్ళలో ఆంజనేయప్రసాద్ నోటివెంట కాదన్న మాట విన్నవాడు లేడు. గుడిలో అన్నదానానికి పులిహోర కావాలంటే సరేనంటాడు. కొత్తగా హెచ్-వన్ వీసా మీద వచ్చిన కుర్రాడికి అపార్ట్‌మెంట్ దొరికేదాకా బేస్‌మెంట్‌లో చోటు కావాలన్నా సరేనంటాడు. అక్కడితో ఆయన పని అయిపోతుంది. పులిహోర కలిపేదీ, బేస్‌మెంట్‌లో దుప్పట్లు పరిచేదీ భార్య కృష్ణకుమారి. ఆ ఇంట్లో మొహమాటం భర్తది, చాకిరీ భార్యది.

ఉద్యోగంలో మాత్రం ఈ గుణం ఆయనకు అడ్డు రాలేదు. మిషిగన్ రాష్ట్ర ప్రభుత్వంలో వంతెనలు తనిఖీ చేసే ఇంజనీరుగా పనిచేశాడు. పగులు కనబడితే ఎవరెంత మొత్తుకున్నా రోడ్డు మూయించేవాడు. వంతెన భోజనానికి రాదు కదా, దానితో మొహమాటమేముంది? రిటైరయ్యాక ప్రభుత్వం వారి ఆరోగ్య బీమా ఆయనకూ, ఆయన పేరుమీద భార్యకూ కొనసాగింది. అరవై అయిదు నిండేసరికి, ఆ వయసువాళ్ళకు కేంద్ర ప్రభుత్వమిచ్చే మెడికేర్ బీమాలో ఆసుపత్రి ఖర్చుకు పార్ట్ ఏ, డాక్టరు ఖర్చుకు పార్ట్ బీ రెండూ తీసుకున్నాడు. అప్పట్నుంచీ ఆయన డాక్టరు బిల్లు ముందు మెడికేర్‌కు వెళుతుంది, అది ఇవ్వగా మిగిలింది రాష్ట్ర ప్రభుత్వం వారి ప్లాన్ చూసుకుంటుంది. పెద్దకొడుకు భరించగా మిగిలిన ఖర్చు చిన్నకొడుకు పెట్టుకున్నట్టన్నమాట అని గుడి హాల్లో కాఫీ తాగుతూ పదిమందికి వివరించేవాడు. చిన్నకొడుకు అలిగితే ఏమవుతుందని ఎవరూ అడగలేదు, ఆయనకూ ఆ ఆలోచన రాలేదు.

కృష్ణకుమారి భర్తకంటే ఆరేళ్ళు చిన్న. ఆమెకింకా మెడికేర్ వయసు రాలేదు కనుక ఉన్నది రాష్ట్ర ప్రభుత్వం వారి ప్లాన్ ఒక్కటే. అది ఆమెకు ఎంత అవసరమో ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. ఆమెకు కీళ్లవాతం. పొద్దున్నే లేచేసరికి వేళ్ళ కణుపులు వాచి, పిడికిలి ముడుచుకోదు, ముడుచుకుంటే తెరుచుకోదు. కొన్ని వారాలకోసారి క్లినిక్‌లో కూర్చోబెట్టి నరంలోకి మందెక్కిస్తారు. ఆ మందు పనిచేసినన్నాళ్ళూ నొప్పి పూర్తిగా పోదు గానీ చేతులు మాట వింటాయి. ఆలస్యమైతే కాఫీ గ్లాసు పట్టుకోవడం కూడా గండమే.

కూతురు నమ్రతకు సంబంధాలు చూస్తున్న రోజుల్లో ఈ జబ్బు బయటపడింది. తల్లికుంటే పిల్లకూ వస్తుందంటారేమోనని భయపడి, పెళ్ళయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దనుకున్నారు. నమ్రతకు పెళ్ళయింది, కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో కాపురం పెట్టింది, ఇద్దరు పిల్లల తల్లి కూడా అయింది. చెప్పకపోవడం మాత్రం ఈ ఇంట్లో అలవాటుగా మిగిలిపోయింది. క్లినిక్‌కు వెళ్ళే రోజున ఎవరైనా ఫోన్ చేస్తే, షాపింగ్‌కి వెళుతున్నామని చెప్పేవాడు ఆంజనేయప్రసాద్.

ఇక రాఘవులు. కరీంనగర్ మనిషి. భార్య పోయినప్పట్నుంచీ ఆదివారం భోజనం ఈ ఇంట్లోనే. కార్ల కంపెనీలో ఉద్యోగం ఊడి, ఆ వయసులో మరొకటి దొరక్క, మెడికేర్ ప్లాన్‌లు అమ్మే లైసెన్సు తీసుకున్నాడు. అక్టోబరు చివర్లో ఒక ఆదివారం, గుత్తివంకాయ కూరతో తృప్తిగా భోంచేసి, చెయ్యి కడుక్కొచ్చి ఐప్యాడ్ తీశాడు.

"అన్నా, ఇదే నా ఫస్ట్ కేసు. బోణీ నువ్వే చెయ్యాలె."

"నాకు స్టేట్ ప్లాన్ ఉంది కదా రాఘవులూ."

"ఉంటే ఉండనియ్. ఇది ప్రైవేట్ కంపెనీ మెడికేర్ ప్లాన్. పండ్ల డాక్టర్‌కు, కండ్లద్దాలకు కవర్ చేస్తది. జిమ్ ఫ్రీ. నీకేం లాస్ చెప్పు?"

బోణీ అన్నాక ఇంకేం మాట్లాడతాడు? బోణీ బేరానికి పేచీ పెట్టకూడదని పుట్టుకతో తెలిసినవాడాయె. రాఘవులు కొత్త, నియమాలన్నీ ఇంకా బుర్రకెక్కలేదు. ఆంజనేయప్రసాద్ అందరికీ పాఠం చెప్పినవాడు, తనకు తెలియనిదేదీ ఇందులో ఉండదని ఆయన ధీమా. పర్సులో ఇంకో కార్డు చేరితే బరువా ఏమిటని వేలితో సంతకం పెట్టేశాడు.

"ఏమిటండీ అది?" అని వంటింట్లోంచి అడిగింది కృష్ణకుమారి.

"ఏం లేదులే."

డిసెంబరులో ఆమె జనవరి మందు కోసం క్లినిక్‌కు ఫోన్ చేసింది. అక్కడి అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, ఈ నెలాఖరుతో మీ ఇన్సూరెన్స్ ఆగిపోతోంది, కొత్తదేమైనా ఉందా అని అడిగింది. కృష్ణకుమారి ఆ సంగతి భర్తకు చెబితే, కంప్యూటర్ ఏదో తికమక పడి ఉంటుందని నవ్వేసి, తనే రాష్ట్ర ప్రభుత్వం వారి రిటైర్మెంట్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. అవతలివాళ్ళు చెప్పిందంతా విన్నాక నవ్వలేదు.

బయటి మెడికేర్ ప్లాన్‌లో చేరినవాణ్ణి ప్రభుత్వం వారి రిటైరీ ప్లాన్ ఉంచుకోదు. ఆయన బయటికి పోతే ఆయన పేరుమీద ఉన్నవాళ్ళూ పోతారు. కొత్త ప్లాన్ జనవరి ఒకటిన మొదలవుతుంది. ఆలోపు ఆయనే ఆ కంపెనీకి ఫోన్ చేసి దాన్ని క్యాన్సిల్ చేసుకుంటే పాతది యథాప్రకారం నడుస్తుంది. తేదీ దాటితే మళ్ళీ చేర్చుకుంటారో లేదో, చేర్చుకున్నా ఎప్పుడో, ఇప్పుడే చెప్పలేమన్నారు. కృష్ణకుమారికి విడిగా ఇంకో ఇన్సూరెన్స్ కొన్నా ఆ మందుకు మొదట్నుంచీ అనుమతి తెచ్చుకోవాలి. ఈలోగా చేతుల వాపు ఆగదు.

చెయ్యవలసిందల్లా ఒక్క ఫోన్. ఎవరైనా అప్పుడే చేసేవాళ్ళు. ఆంజనేయప్రసాద్ చెయ్యలేదు. చెప్పకుండా క్యాన్సిల్ చేస్తే బాగుండదని ముందు రాఘవులుకు ఫోన్ చేసి, ఇక్కడ చిన్న కాంప్లికేషన్ వచ్చింది, దీనివల్ల మా ఆవిడ ఇన్సూరెన్స్ పోయేట్టుందంటూ నసిగాడు.

"బోణీ కేసే క్యాన్సిలైతే ఎట్లన్నా? కంపెనీల నా పేరు ఖరాబైతది," అన్నాడు రాఘవులు. "జనవరి గడవనియ్, తర్వాత నేనే మార్పిస్త. వదినకేమైంది, రాయి లెక్క ఉన్నది. ఒక్క నెల ఇన్సూరెన్స్ లేకుంటే ఏమైతది?"

"ఏం కాదులే," అన్నాడు ఆంజనేయప్రసాద్.

ఫోన్ పెట్టేసి తిరిగి చూస్తే కృష్ణకుమారి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏం కాదా?"

"అది కాదు కుమారీ. పాపం, బోణీ కేసు అంటున్నాడు. వాడి పరిస్థితి కూడా..."

"పోయినేడాది మందు వారం లేటైతే నా జడ ఎవరు వేశారు?"

వేసింది ఆయనే. వంకరటింకరగా వేశాడు, ఆమె ఆ జడతోనే వారమంతా తిరిగింది.

"మీరు ఊళ్ళో అందరికీ అవునంటారు. ఎవరికో ఒకరికి కాదని చెప్పాలి కదా, అది నాకు చెబుతారు. అందరికంటే నేను దగ్గరదాన్ననేమో," అంది. గొంతు పెంచలేదు. "రాఘవులుగారి తప్పేముంది? తెలియక అడిగాడు. మనం చెప్పలేదు కాబట్టి అడిగాడు. మళ్ళీ ఫోన్ చెయ్యండి. స్పీకర్‌లో పెట్టండి. నాకేం జబ్బో చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

ఆంజనేయప్రసాద్‌కు సిగ్గేసింది. భయం కూడా వేసింది. ఈ మనిషి ఇంతసేపు తనతో ఇలా మాట్లాడడం ఆయనకు కొత్త. ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టి, రాఘవులుకు మొదట్నుంచీ చెప్పాడు. కీళ్లవాతం సంగతి, మందు సంగతి, షాపింగ్ అని అబద్ధమాడిన సంగతి.

"మొదలు అది క్యాన్సిల్ చెయ్యన్నా," అన్నాడు రాఘవులు. "నువ్వే చెప్పాలె. నేను కంపెనీని కలుపుత, లైన్ల ఉంట."

కలిపాడు. కంపెనీ అమ్మాయి పేరు, పుట్టినతేదీ అడిగి, క్యాన్సిల్ చెయ్యడానికి కారణమేమిటంది. తీరిగ్గా అడిగింది, రోజూ అడిగే ప్రశ్నే కాబోలు. "మై వైఫ్ ఈజ్ సిక్," అన్నాడు ఆంజనేయప్రసాద్. ఆమె అలాగే రాసుకుంది. అయిపోయిందని చెప్పి, హ్యాపీ హాలిడేస్ అని వెళ్ళిపోయింది. మర్నాడు రిటైర్మెంట్ ఆఫీసువాళ్ళు పాత ప్లాన్ ఇద్దరికీ కొనసాగుతుందని ఖాయం చేశారు, జనవరి మందుకు క్లినిక్ వాళ్ళు తేదీ ఇచ్చారు. కాని అది మర్నాటి సంగతి.

అప్పటికి లైన్లో మిగిలింది స్నేహితులిద్దరే.

"పోతే పోయింది తియ్యన్నా, బోణీ ఇంకొకరు చేస్తరు," అన్నాడు రాఘవులు. ఫోన్ పెట్టెయ్యలేదు. "ఒకటడుగుత, ఏమనుకోకు."

"అడుగు."

"గిన్నేండ్ల సంది ప్రతి ఐతారం మీ ఇంట్ల తింటున్న. గా చేతులతోనే వండిందా వదిన?"

కృష్ణకుమారి పక్కనే ఉంది. జవాబు ఆమె చెప్పవచ్చు, ఫరవాలేదండీ అనవచ్చు. ఎప్పుడూ అనేది అదే. ఈసారి నోరు మెదపకుండా భర్త ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

"అవును," అన్నాడు ఆంజనేయప్రసాద్.