నీళ్ళలో ముంచని గాజు పుల్ల

ఆల్బీన్ స్కౌమల్‌ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చెడ్డవాడని కాదు. దొంగతనం చేయలేదు, ఎవరినీ కొట్టలేదు. రైల్వే గేటు వేస్తూ తీస్తూ రిటైరయ్యాడు. కానీ ఒక గాజు పుల్ల చేతిలో పట్టుకుని ఇరవై రెండేళ్ళు మా ఊరి నెత్తిన కూర్చున్నాడు.

మా మొరావియా పల్లెల్లో బీరుకు పేరంటే అంకే. పది పలచనిది, పన్నెండు చిక్కనిది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ మాల్ట్ నుంచి తీసిన తీపి రసం కాచి, ఈస్ట్ వేయకముందే అందులో గాజు పుల్ల వదులుతారు. తీపి ఎంత ఉంటే పుల్ల అంత పైకి తేలుతుంది. పుల్ల మీద సున్నా పైన, పెద్ద అంకెలు కింద ఉంటాయి. రసం మట్టం దగ్గర కనిపించే అంకే ఆ బీరు పేరు. అగ్నిమాపక దళం పండుగకు ఇళ్ళలో కాచిన బీరు పీపాలు పెడతారు. అక్కడ పన్నెండు అని రాస్తే పన్నెండే ఉండాలి. కాచిన రోజు ఇంటింటికీ వచ్చి కొలిచేది ఆల్బీన్. మూడుసార్లు అంకె తప్పితే జాబితాలో పేరు కొట్టేస్తారు.

ఆయన కొలవడం చూసి తీరాలి. రసాన్ని అడుగుదాకా కలిపించేవాడు. గాజు గొట్టంలో పోసి, సరిగ్గా ఇరవై డిగ్రీలకు చల్లారేదాకా కదిలేవాడు కాదు. పుల్లను గిర్రున తిప్పి బుడగలు వదిలించి, మోకాళ్ళు వంచి, కన్ను మట్టానికి తెచ్చి ఊపిరి బిగబట్టేవాడు. చర్చిలో ఫాదరు కూడా అంత నిష్ఠగా ఉండడు.

మా పక్కింటి వ్లాస్తా బేకరీలో ముప్పై ఏళ్ళు పిండి తూచిన మనిషి. ఆమె చేతిలో గుప్పెడు మాల్ట్ అటూ ఇటూ కాదు. వాళ్ళ తాత కాలం నుంచీ ఆ ఇంటి పీపా లేని పండుగ లేదు. అలాంటిది ఆమె పన్నెండు వరుసగా రెండేళ్ళు పదని తేలింది.

"ఏమ్మా వ్లాస్తా, మిగతా మాల్ట్ కోళ్ళకేశావా?" అన్నాడు రెండోసారి, పదిమందిలో. ఆమె నవ్వి ఊరుకుంది. ఇంటికొచ్చి ఏడ్చింది.

నాకు అనుమానం వచ్చింది. నేను బడిలో ల్యాబ్ అటెండరుగా చేసినదాన్ని. మా దగ్గర ఏ పుల్లనైనా ముందు మంచినీళ్ళలో వేసి, సున్నా చూపిస్తోందా అని చూసేవాళ్ళం. మూడో ఏడు ఆల్బీన్ వ్లాస్తా ఇంటికి వచ్చినప్పుడు నేనూ వెళ్ళాను. అగ్నిమాపక దళం పెద్ద హైనెక్ అంకెలు రాసే పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దాయనా, ఈ పుల్లని ఎప్పుడైనా నీళ్ళలో వేసి చూశారా?" అని అడిగాను.

"నీళ్ళా? ఈ ఊళ్ళో నీళ్ళెవడు తాగుతాడమ్మా!" అన్నాడు. హైనెక్ పడీ పడీ నవ్వాడు.

ఆయన చేతిలోంచి పుల్ల లాక్కుని, గాజు గొట్టంలో మంచినీళ్ళు పోసి అందులో వేశాను. సున్నా గీత నీళ్ళ మట్టం దగ్గర ఆగలేదు, రెండు అంకెలంత కిందికి మునిగిపోయింది. లోపల అంకెలున్న కాగితం గమ్ము ఊడి ఎప్పుడో కిందికి జారింది. అంటే ఆ పుల్ల దేన్నైనా రెండు తక్కువే చూపిస్తుంది. వ్లాస్తా పన్నెండును పది అన్నాడు. తన పీపాకేమో పద్నాలుగు కాచుకుని పన్నెండు అని బోర్డు పెట్టుకున్నాడు. 'ఆల్బీన్ పన్నెండు రెండు గ్లాసులకే కాళ్ళు తేలుస్తుంది' అని ఊరంతా మెచ్చుకున్నది ఇందుకే!

పరుగున వెళ్ళి బడి పుల్ల తెచ్చాను. నీళ్ళలో సున్నా దగ్గర నిలిచింది. దాన్నే వ్లాస్తా రసంలో వేశాం. పద్నాలుగు!

వ్లాస్తా ముఖం పాలిపోయింది. "అక్కా... ఈసారి మాల్ట్ పెంచాను. ఆయన పుల్లకి సరిపోవాలని. నీకు చెప్పడానికి సిగ్గేసింది."

"దానికేముందే, కాచి చల్లార్చిన నీళ్ళు కాసిని కలుపుదాం, పన్నెండుకి దిగుతుంది," అన్నాను.

"కొలిచేవాడు ఇంట్లో అడుగుపెట్టాక చుక్క నీళ్ళు పడకూడదు," అన్నాడు ఆల్బీన్. "బీరులో నీళ్ళు పోస్తారా? మా అయ్య వింటే సమాధిలోంచి లేచొస్తాడు."

"మరి ఆ రెండేళ్ళ సంగతేంటి? తప్పు మీ పుల్లది కదా!" అన్నాను.

"రాసిందేదో రాసేశాం. హైనెక్, రాసుకో. వ్లాస్తా, పద్నాలుగు. మూడోసారి."

హైనెక్ నా వైపు చూడలేదు. "మీరు తెచ్చిన పుల్లే కదా వదినా చెప్పింది," అని రాసుకున్నాడు.

ఆల్బీన్ నేను తెచ్చిన పుల్లను గుడ్డతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "మంచిది తెచ్చావమ్మా. ఇక దీంతోనే కొలుస్తాను," అన్నాడు. క్షమించమన్న మాట ఆ నోట రాలేదు. ఛీ అనిపించింది.

పండుగ రోజున ఆయన పీపా నడిమధ్యన ఉంది. అంతకు ముందే పాత పుల్లతో కొలుచుకున్నది. బోర్డు మీద 'పన్నెండు'. కొలిచేవాడి పీపాను కొలిచే ఆచారం మా ఊళ్ళో లేదట! అందరూ ఆయన వీపు తట్టి తాగారు. నా చేతికీ ఒక గ్లాసు ఇచ్చారు. తాగాను. బాగుంది. నా మీద నాకే రోత పుట్టింది.

వ్లాస్తా తొట్టి దగ్గర గ్లాసులు కడుగుతోంది. ఖాళీ గ్లాసు తీసుకుంటూ, "ఎలా ఉందక్కా?" అంది. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే, ఆ పాడు పుల్ల ఆమె రసంలో పన్నెండే చూపించేది.