ఒకే ఆదివారం రెండు ఫైనళ్లు

కిష్టారెడ్డిపేటలో మా అమ్మాయి ఉండే అపార్టుమెంట్ల వెనక ఈమధ్య గంటల లెక్కన కిరాయికిచ్చే ఫుట్‌బాల్ మైదానం ఒకటి తెరిచారు. మైదానమంటే మట్టీ గడ్డీ కాదు, పచ్చని తివాచీ పరిచి చుట్టూ వల కట్టారు. మా మనవరాలు అక్కడ ఆడుతుంటే చూద్దామని మొన్న మా అన్నను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆట మధ్యలో బంతి దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా అన్న కాళ్ల దగ్గర ఆగింది. తన్ను తాతా, తన్ను అని పిల్లలంతా ఒకటే గోల. డెబ్బైకి దగ్గరపడ్డ మా అన్న మోకాలు పట్టుకుని మెల్లగా వంగి, బంతిని రెండు చేతులా ఎత్తి మనవరాలికి అందించాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒకప్పుడు ఆ కాలి ఆట చూడటానికి సంగారెడ్డి నుంచి జనం సైకిళ్లు తొక్కుకుంటూ వచ్చేవారని ఆ పిల్లలకు ఎవరు చెప్పాలి?

అప్పట్లో అన్న పటాన్‌చెరు దగ్గర ఒక కంపెనీలో కొలిమి దగ్గర క్యాజువల్. క్యాజువల్ అంటే ఏళ్లు పనిచేసినా గేటు దగ్గర కొత్తవాడే. సూపర్‌వైజరుకు మా అన్న పేరు కూడా తెలియదు, ‘ఏయ్, ఇధర్ ఆ’ అంటే పని జరిగిపోయేది. ఊరి భూములు కంపెనీల కిందికి పోయాక బాపు కూడా కూలికే వెళ్లేవాడు. అయితే ఆదివారం మధ్యాహ్నం అన్న గ్రౌండులో కాలు పెట్టాడంటే గట్టు మీది జనం, ముసలివాళ్లతో సహా, అతని పేరు పట్టుకుని అరిచేవారు. ఆ పిలుపు కోసమే వారమంతా ఆ వేడిలో నిలబడేవాడని నాకిప్పటికీ అనిపిస్తుంది. అమ్మకు మాత్రం ఈ ఆటంటే ఒళ్లుమంట. ఇంట్లో గుండ్రంగా ఏది కనబడినా అన్న కాలు ఊరుకునేది కాదు. ఒకసారి దోసకాయను తన్ని గడప దాటించాడు. ఆ పూట ఉత్త పప్పే వండి, తిట్లు మాత్రం కడుపునిండా పెట్టింది.

అన్నకొక జోడీ ఉండేవాడు. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి కంపెనీ క్వార్టర్లలో స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. తనదీ అదే కొలిమి, కాకపోతే పర్మనెంటు, కంపెనీ జట్టుకు గోల్‌కీపరు. అన్నది ఊరి జట్టు. గీత లోపల ఇద్దరూ పగవాళ్లు, బయటికొస్తే బావా అంటే బావా. మా ఇంటికొస్తే సర్వపిండి తిని, మా కోస్తా కారం ముందు ఇదేం కారమని అంటూనే కళ్లనీళ్లు తుడుచుకునేవాడు. జోడీ అంటే ఉత్త దోస్తీ కాదు. మా వైపు ఫుట్‌బాల్ నడిచిందే దాని మీద. కొలిమిని మనిషి లేకుండా వదలకూడదు, క్యాజువల్‌కు సెలవనేదే లేదు. అందుకని ఎదుటి జట్టులో ఒకణ్ణి జోడీ పట్టుకునేవారు. నా ఆట రోజు నా డ్యూటీ నువ్వు చెయ్, నీ ఆట రోజు నీది నేను చేస్తా. ఆ లెక్క చూసుకునే లీగు నడిపే పెద్దలు ఆటల తేదీలు వేసేవారు. ఆ రెండు జట్లే తలపడితే మూడో జట్టువాళ్లు డ్యూటీకి నిలబడేవారు. సూపర్‌వైజర్లు చూసీచూడనట్టు పోయేవారు.

అంత చక్కని ఏర్పాటును ఒక చిరుగుల వల పాడుచేసింది. మా గోలుకు కట్టే వల చెరువులో చేపలు పట్టేవాళ్లు పారేసింది. ఏదో బర్రె కొమ్ము పెట్టి దానికి పక్కన బొక్క చేసింది. ఒక ఏడు ఫైనల్లో బంతి వలలో కనబడింది గానీ, ముందు నుంచి వెళ్లిందా, బొక్కలోంచి దూరిందా అన్నది తేలలేదు. కంపెనీల పెద్దలు గోలన్నారు, ఊళ్ల పెద్దలు కాదన్నారు. బర్రెను అడిగినా న్యాయం చెప్పేదేమో! మాటా మాటా పెరిగి, తర్వాతి ఏడాదికి కంపెనీల లీగు వేరు, ఊళ్ల లీగు వేరు అయ్యాయి. దీంట్లో ఆడేవాడు దాని గ్రౌండు తొక్కకూడదు. ఒకరి తేదీలు ఒకరికి చెప్పుకోవడం నామోషీ.

ఆ సీజనంతా వీళ్లిద్దరూ తేదీలు చాటుగా చెప్పుకుంటూ ఎలాగో నెట్టుకొచ్చారు. ఫైనళ్ల దగ్గర చిక్కు పడింది. ఎన్నో ఏళ్లుగా ఫైనలంటే జీతాలు పడ్డాక వచ్చే ఆదివారం, మొదటి షిఫ్టు వదిలే సైరన్ మోగాకే. విడిపోయినా అలవాటు పోలేదు కదా, రెండు లీగులూ అదే రోజు, అదే వేళ పెట్టుకున్నాయి. అవతలివాళ్లూ అదే పెడతారని ఒక్క పెద్దమనిషికీ తట్టలేదు. తేదీ మార్చమని అన్న మా పెద్దలను బతిమాలాడు, కీపరు వాళ్ల పెద్దలను బతిమాలాడు. మేమెందుకు తగ్గాలని ఇద్దరికీ ఒకటే జవాబు. అన్నకు ఆ వారం రెండో షిఫ్టు. ఎగ్గొడితే మొదటి షిఫ్టు ముసలాయన ఇంకో పూటంతా ఆ కొలిమి ముందు నిలబడాలి. అన్నకు మనసొప్పలేదు. చివరికి కీపరే ఉపాయం చెప్పాడు. మొదటి సగం తను ఆడి, విశ్రాంతి వేళకు పరుగెత్తుకొచ్చి కొలిమి దగ్గర నిలబడతాడు, రెండో సగం అన్న పోయి ఆడుకోవాలి.

ఆ రోజు మా ఊరి జట్టు పదిమందితో ఆట మొదలుపెట్టింది. ఇంకా రాడేందని మా పెద్దలు నన్ను కంపెనీకి తరిమారు. నేను ఆయాసపడుతూ గేటు దగ్గరికి చేరేసరికి ఒళ్లంతా మట్టితో కీపరు అక్కడున్నాడు. వాచ్‌మన్ కాళ్లు పట్టుకోవడమొక్కటే తక్కువ. ఆటకని సెలవు రాయించుకున్నవాణ్ణి ఆ రోజు డ్యూటీకి రానివ్వకూడదట, పైనుంచి ఆర్డరట. లోపలికి కబురు పంపమన్నా పంపలేదు. నన్ను చూడగానే ఆ మనిషి ముఖం చిన్నబోయింది.

"చెల్లెమ్మా, నన్ను లోపలికి రానివ్వట్లేదు. మీ అన్నయ్య నాకోసం చూస్తుంటాడు, నేను రాలేదనుకుంటాడు," అన్నాడు.

మేమిద్దరం ఆ గేటు దగ్గరే నిలబడిపోయాం. నేను ఏడ్చేశాను. అవతల కంపెనీ గ్రౌండు నుంచి కేకలు వినబడుతూనే ఉన్నాయి. అతని బదులు నిలబెట్టినవాడు గోళ్లు గిల్లుకుంటుంటే గోల్ మీద గోల్ పడిందని తర్వాత తెలిసింది. మావాళ్లూ పదిమందితోనే ఓడిపోయారు.

అన్న ఇంటికొచ్చాక గేటు సంగతి చెప్పాను. చెమట కూడా తుడుచుకోకుండా విన్నాడు.

"అచ్చిండా? గది చాలు," అన్నాడు.

లోకానికి మాత్రం అది చాలలేదు. ఇద్దరూ కూడబలుక్కుని చెరో ఫైనలూ అమ్ముకున్నారని పుకారు లేచింది. జరిగింది నేను ఎంతమందికి చెప్పినా, చెల్లెలు కాబట్టి చెబుతోందన్నారు. సూర్యుడు ఏ దిక్కున పొడుస్తాడంటే కూడా ఒక్కమాట మీదికి రాని ఆ రెండు లీగులూ, వీళ్లిద్దరినీ ఆట నుంచి జీవితాంతం వెలివేయడంలో మాత్రం ఒక్కటయ్యాయి. మరుసటి ఏడాది యాటపోతును కోసి దావత్ చేసుకుని లీగులూ కలిసిపోయాయి. అలాయి బలాయి ఇచ్చుకున్నారు, కొత్త వల కొన్నారు. వెలివేసిన ఇద్దరి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కీపరు బదిలీ పెట్టించుకుని కోస్తాకు వెళ్లిపోయాడు. పండగలకు ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుకునేవారు, ఆట ఊసు మాత్రం ఎత్తేవారు కాదు. రెండేళ్ల కింద ఆయన పోయాడు.

అన్న ఆదివారాలు గ్రౌండుకు వెళ్లడం మానలేదు. గట్టు మీద జనంలో కలిసి కూర్చోకుండా, రోడ్డవతల నిలబడి చూసేవాడు. ఒక ఏడు ఉండబట్టలేక నేనే అడిగాను, ఇప్పుడు నిన్ను వద్దనేదెవరు, పోయి ఆడరాదా అని.

"వద్దన్నోళ్లే రమ్మనాలె గద చెల్లె. పిలువకుంట ఎట్ల పోత?"

వాళ్లు పిలుస్తారని అన్న నిజంగానే ఎదురుచూశాడు. కాలు బాగున్నన్నాళ్లు చూశాడు, తల నెరిశాక కూడా చూశాడు. ఈలోగా కంపెనీ మూతపడింది, గ్రౌండు గోదామయింది. కాలం అన్నీ మరిపిస్తుందంటారు. మా అన్నకు అది ఏదీ మరిపించలేదు. రమ్మనాల్సిన ఆ పెద్దలనే ఒక్కొక్కరినీ తీసుకుపోయింది. మా అన్న మీది వెలిని ఎత్తేయగలవాడు ఈ భూమ్మీద ఇప్పుడు ఒక్కడూ లేడు.