వేలు తగలకూడని సవతి

నా సవతి అట్టపెట్టెలో వచ్చింది. హోసూరు బస్టాండు దగ్గర ఆటో ఎక్కి, మా ఆయన ఒళ్లో కూర్చుని వచ్చి, మా గుమ్మం ముందు దిగింది. మా అమ్మాయిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున కూడా ఆయన అంత జాగ్రత్తగా పట్టుకోలేదు. పెట్టె విప్పితే నల్లటి సీడీ ప్లేయరు, రెండు స్పీకర్లు, కవర్లలో తళతళలాడుతూ నాలుగైదు సీడీలు. "ఎట్లుండాది?" అన్నాడు. బాగుందన్నాను. అప్పటికి నాకేం తెలుసు?

అంతకు ముందు మా ఇంట్లో టేప్ రికార్డరు ఉండేది. తొంభైల మొదట్లో, పెళ్లయిన కొత్తలో కొన్నాం. ఆయన మాట తక్కువ మనిషి. ఫ్యాక్టరీలో రేకులు నొక్కే పెద్ద పెద్ద ప్రెస్సుల దగ్గర పని. ఆ సెక్షన్‌లో మాట్లాడుకోవాలంటే సైగలే గతి అట. పగలంతా సైగలతో గడిపిన మనిషికి ఇంటికొచ్చాక నోరు తెరవడానికి బద్ధకమేమో అనుకునేదాన్ని. నేనేమో మాట్లాడకపోతే ముద్ద దిగనిదాన్ని. అత్తిముగంలో మా పుట్టింట్లో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగాలన్న మర్యాదే ఎవరికీ తెలియదు. అలాంటి ఇంట్లోంచి వచ్చి ఈయన పాలబడ్డాను. నేను కోరుకున్నది ఒక్కటే, నేను చెప్పేది ఈ మనిషి వినాలి. నగలు అడగలేదు, పట్టుచీరలు అడగలేదు.

ఆ కొత్తలో మమ్మల్ని కలిపినవి పాటలే. మా వైపు అంగళ్ల నిండా తమిళ క్యాసెట్లు, కొన్ని కన్నడవి. తెలుగువి దొరకడం గగనం. కృష్ణగిరిలో ఒక అంగడాయన మాత్రం ఎక్కడెక్కడినుంచో తెప్పించి, మనకు కావలసిన పాటలు ఏరి ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవాడు. అలా తెచ్చుకున్నదాన్ని అరిగిపోయేదాకా వినేవాళ్లం. అరిగిన టేపు రికార్డరు లోపల చిక్కుకునేది. అప్పుడు నాకు పిలుపు వచ్చేది. టేపును తెగకుండా బయటికి తీయడం, మడతలు సరిచేయడం, చక్రంలో చిటికెన వేలు పెట్టి మళ్లీ చుట్టడం నా పని. ఆయన వేళ్లు మోటువి, ఆ చక్రంలో దూరవు. తెగిందంటే గోళ్ల రంగు చుక్క వేసి అతికించేదాన్ని. అతుకు దగ్గరికి వచ్చేసరికి పాట ఒకసారి ఎక్కిళ్లు పెట్టేది. ఆ ఎక్కిలి దగ్గర ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేవాళ్లం.

"డాక్టరుకు కూడా ఇంత సన్నంగా కుట్టేదానికి రాదమ్మా" అనేవాడు నా చెయ్యి చూసి. ఆ ఒక్క మాట మీద వారమంతా బతికేదాన్ని.

సీడీ వచ్చాక ఆ చేతులే పనికిరాకుండా పోయాయి. మొదటి రోజే చెప్పేశాడు.

"ముట్టుకోవద్దమ్మా. వేలు పడితే పాట ఎగిరిపోతాది."

మధ్యలో ఉన్న బొక్కలో వేలు పెట్టి అంచును మాత్రం ఆనించి పట్టుకోవాలట. తుడిస్తే గుండ్రంగా తుడవకూడదట, మధ్య నుంచి అంచువైపుకు తుడవాలట. ఆ తుడిచే గుడ్డ ఏమిటా అని చూద్దును కదా, నా నూలుచీర కొంగు! కట్టి కట్టి మెత్తబడిందని నేను ప్రాణంగా దాచుకున్న చీర. అడగనైనా అడగకుండా కత్తెర వేశాడు.

"ఏమప్పా, నా చీర యాడ దొరికె నీకు?"

"పాతది కదమ్మా. మెత్తగా ఉండాది."

"నేను కూడా పాతదాన్నే కదా, నన్ను కూడా కత్తిరించు."

ఆయన సీడీని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి, అటూ ఇటూ తిప్పి చూస్తూ "ఊ" అన్నాడు. నేనేమన్నానో ఆయనకు అక్కర్లేదు. దానిమీద దుమ్ము ఉందో లేదో అదే కావాలి. నాకు ఒళ్లు మండిపోయింది.

ఏడాదులు గడిచేకొద్దీ నా మాట చెవిన పెట్టడం బొత్తిగా మానేశాడు. పప్పు తెమ్మంటే ఉప్పు తెచ్చాడు. పక్కింటామెతో నీళ్ల దగ్గర జరిగిన జగడం మొదటినుంచి చివరిదాకా, ఆమె గొంతు, నా గొంతు రెండూ పెట్టి మరీ చెబితే, నా మొహంలోకే చూస్తూ కూర్చుని, నేను కాస్త అటు తిరగగానే "సరే, రేపు చూస్తా" అన్నాడు. ఏం చూస్తాడు? నా జగడంలో రేపు చూసేదేముంది? పాటల దగ్గరైతే మాత్రం మనిషి మారిపోతాడు. ఏదో పాటలో, వెనక ఎక్కడో సన్నగా గజ్జెలు మోగుతాయి. "క్యాసెట్లో ఇది వినపడతానే ఉండలే. ఇప్పుడు చూడు, ఎంత బాగా తెలుస్తాదో!" అని మురిసిపోయేవాడు. ఎవరో ముక్కూమొహం తెలియనిదాని గజ్జెలు వినిపిస్తాయి, ఎదురుగా నిలబడి అరిచే పెళ్లాం వినిపించదు.

ఇక సౌండు దగ్గర రోజూ యుద్ధమే. ఆయన పెంచేవాడు, నేను తగ్గించేదాన్ని. నేను వంటింట్లోకి పోగానే మళ్లీ పెంచేవాడు. పోయిన ఏడు పెట్టినంత ఈ ఏడు చాలేది కాదు. నా గొంతు వినబడకుండా చేసుకోవడానికే ఈ ఏర్పాటంతా అని నాకు గట్టి నమ్మకం. ఇంటి ఓనరమ్మ పైనుంచి దిగివచ్చి తమిళంలో తిట్టిపోతే లోలోపల సంబరపడ్డాను. నా తరఫున ఒక మనిషైనా మాట్లాడింది.

ఆదివారం వచ్చిందంటే "కృష్ణగిరికి పోయి వస్తా" అనేవాడు. హోసూరులో లేనిది కృష్ణగిరిలో ఏముందో తేల్చుకోవాలని ఒకసారి చీర మార్చుకుని నేనూ బయలుదేరాను. కాదనలేదు. బస్సులో కిటికీ పక్క సీటు నాకే ఇచ్చాడు. సూళగిరి దాటేదాకా నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆయన తలూపుతూనే ఉన్నాడు. కృష్ణగిరిలో దిగి తిన్నగా ఆ పాత క్యాసెట్ల అంగడికే పోయాడు. ఇప్పుడు అది సీడీల అంగడి. అంగడాయన ఈయన్ని చూడగానే నవ్వి, హెడ్‌ఫోను చేతికిచ్చి ఒక కొత్త సీడీ పెట్టాడు.

ఆయన కళ్లు మూసుకున్నాడు. మూసుకుని నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. పెళ్లిచూపుల్లో నేను కాఫీ ఇచ్చినప్పుడు నవ్విన నవ్వు. తర్వాత ఎక్కడ పోయిందా అని అన్నేళ్లుగా వెతుక్కుంటుంటే, అది ఇక్కడ, కృష్ణగిరిలో, అంగడి బల్ల ముందు దొరికింది. నేను పక్కనే నిలబడి ఉన్నానన్న గుర్తు కూడా లేదు ఆయనకు.

"ఇంకా కొంచెం పెంచప్పా" అన్నాడు కళ్లు తెరవకుండా, అంగడంతా తిరిగి చూసేంత గట్టిగా.

"ఫుల్లుగానే ఉండాదన్నా" అన్నాడు అంగడాయన.

నాకు ఏడుపొచ్చింది. ఆడమనిషే అయ్యుంటే జుట్టు పట్టుకుని బజారులోకి ఈడ్చేదాన్ని. ఈ ప్లాస్టిక్ బిళ్లను ఏం చేయను? తిరుగు ప్రయాణంలో కొత్త సీడీ ఆయన చొక్కా లోపల, గుండెకు ఆనుకుని కూర్చుంది. నేను కిటికీవైపు తిరిగి కూర్చున్నాను. నా మౌనం కూడా ఆయనకు వినబడినట్టు లేదు.

దేవుడు నా మొర ఆలకించాడు, కాకపోతే తీరిగ్గా ఆలకించాడు. ముందు ఒకే సీడీలో వంద పాటలు పట్టే రకం వచ్చింది. ఆయనకు అది నచ్చలేదు, పాటలు నలిగిపోయినట్టు వినిపిస్తున్నాయన్నాడు. తర్వాత ఒక ఆదివారం కృష్ణగిరి నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆ అంగట్లో సీడీల అరలన్నీ పీకేసి ఫోను కవర్లు వేలాడదీశారట, రీఛార్జులు చేస్తున్నారట. మొహం వేలాడేసుకుని చెప్పాడు. నేను "అయ్యో పాపం" అని లోపలికి పోయి, పప్పు ఉడకేసి, బెల్లం కలిపి, పండగలాగా ఒబ్బట్లు చేశాను. ఏం విశేషమని అమ్మాయి అడిగితే ఊరికే తినాలనిపించిందని చెప్పాను. కొన్నాళ్లకు ప్లేయరు మొరాయించింది. లోపలి అద్దం పోయిందని, అలాంటివి ఇప్పుడు రావడం లేదని రిపేరు అంగట్లో చెప్పారు. సీడీలన్నీ గోనెసంచిలో చేరి అటక ఎక్కాయి.

ఆ తర్వాత అత్తిముగం నుంచి మా తమ్ముడు వచ్చాడు.

"అక్కా, రాగిచేన్లో పిట్టలతో సచ్చిపోతా ఉండాము. పాత సీడీలు కడితే ఆ మెరుపుకు బెదిరిపోతాయంట. ఉంటే ఇయ్యక్కా."

నేను మా ఆయన ఎదురుగా పోయి నిలబడి అడిగాను. కాసేపు అటకవైపు చూసి "తీసుకోనీ" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు కనబడింది. అయినా సంచి దించాను. తమ్ముడితోపాటు నేను కూడా ఊరికి పోయి, చేలో కర్రలు పాతించి, నా చేత్తో నేనే ఒక్కొక్కదానికి దారం కట్టాను. ఎలా పట్టుకోవాలనిపిస్తే అలా పట్టుకున్నాను. రెండు పక్కలా తడిచేతి వేలిముద్రలు వేశాను. ఎండలో అవి గిరగిరా తిరుగుతుంటే గట్టు మీద కూర్చుని మధ్యాహ్నం దాకా చూశాను. అంత హాయిగా నేను ఏ పాటా వినలేదు.

ఇక మొగుడు నావాడే అనుకుంటూ హోసూరు వచ్చాను. వచ్చి చూస్తే ఆయన చెవుల్లో తెల్లటి తీగలు. కొత్త ఫోను కొన్నాడు. బస్టాండు దగ్గర చిన్న కార్డులో పాటలన్నీ ఎక్కించి ఇచ్చారట. గోరంత కార్డు.

ఈ రెండోది మొదటిదానికంటే గయ్యాళి. సీడీల కాలంలో పాట ఇల్లంతా తిరిగేది. కూర తరుగుతూ నేనూ వినేదాన్ని, తిడుతూనైనా వినేదాన్ని. నచ్చిన పాట అయితే వంటింట్లోంచి నేనూ గొంతు కలిపేదాన్ని. ఇప్పుడు పాట ఆయన తలలోనే పుట్టి తలలోనే పోతోంది. ఆయన తలూపుతాడు, ఎందుకు ఊపుతున్నాడో నాకు తెలియదు. కళ్లు మూసుకుని పెదవి కదుపుతాడు, ఏ మాటకో నాకు తెలియదు. సీడీకి ఒక రూపమైనా ఉండేది, తిట్టుకోవడానికి, దారం కట్టి వేలాడదీయడానికి. దీన్ని ఎక్కడని పట్టుకోను? నిజం చెబుతున్నాను, ఆ సీడీలు మళ్లీ వస్తే బాగుండునని కూడా అనిపించింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వెనకగుమ్మం మెట్టు మీద కూర్చుని వింటున్నాడు. అన్నం వడ్డించి లోపలినుంచి పిలిచి పిలిచి నా గొంతు ఎండిపోయింది. విసురుగా వచ్చి ఆయన ముందు నిలబడ్డాను.

"ఏం పాటప్పా అది? పెండ్లాం పిలిస్తే కూడా లేవకుండా ఉండేంత బాగుండే పాట?"

ఆయన నా మొహంలోకి చూసి, ఒక చెవిలోది తీసి నాకిచ్చాడు. ఆశగానే చెవిలో పెట్టుకున్నాను. సూది దిగినట్టయింది. పీకి అవతల పారేశాను.

"అయ్యో, ఇంత సద్దా!"

"సద్దేముందమ్మా? ఎక్కించినోడు తక్కువ పెట్టి ఇచ్చినాడు. మెల్లగా వినపడతా ఉండాది."

ఫోను లాక్కుని చూశాను. సౌండు గీత పై అంచును తాకి ఉంది. రెండో చెవిలోది కూడా నేనే తీసేశాను. ఆయన వెనక్కి పోయి నిలబడి మామూలు గొంతుతో "ఏమప్పా" అన్నాను. తిరగలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాను. ఎదురుగా కాకి వాలితే దానివైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన పక్కన మెట్టు మీద కూలబడ్డాను.

"ఎప్పటినుంచి?" అని మొహం చూపించి అడిగాను.

"తెలీలే. మెల్లమెల్లగా పోయింది. ప్రెస్సు సద్దుకు శానామందికి అంతే. నువ్వు ఎదురుగుంటే నోరు చూసి కొంచెం పట్టుకొంటాను. అటు తిరిగితే పోతాది."

"నాకేంటికి చెప్పలే?"

ఆయన తీగలను వేలికి చుట్టుకున్నాడు.

"చెప్తే నువ్వు మాట్లాడేది నిలిపేస్తావని."

అప్పుడైనా నాకు ముందు జాలి కలగాలి కదా. కలగలేదు. కడుపులో అదే పాత మంట లేచింది. పాటకు సౌండు ఉంది, చాలకపోతే పెంచుకుంటాడు. పెంచడానికి నాకేముంది? ఈ గొంతు ఒక్కటే. అది ఇన్నేళ్లూ ఆయన కళ్లముందు పెదవులాడించి పోయింది, లోపలికి పోలేదు. చెవి లోపలిదాకా పోయింది ఆ పాటలే.

ఫోను పక్కన పెట్టేశాను. ఆయన తల నావైపు లాక్కుని, చెవికి నోరు ఆనించి, కడుపులోంచి బలం తెచ్చుకుని అరిచాను.

"అన్నం తిందాం రా!"

ఆయన ఉలిక్కిపడ్డాడు. చెవి రుద్దుకుని, నావైపు తిరిగి నవ్వాడు.

"మెల్లగా పిలవమ్మా. ఈదిలో జనమంతా వచ్చి కూర్చుంటారు తినేదానికి."