కత్తిరించిన చెంపదెబ్బ

ఆ పిక్చర్లో ఇంటర్వెల్ అయిన కాసేపటికి హీరో హీరోయిన్‌ను చెంప మీద కొడతాడు. ఆమె కాలేజీ చదువు చదివిన పిల్ల. కారు నడుపుతుంది, ఎదురుపడ్డవాణ్ణల్లా ఇంగ్లీషులో దులిపేస్తుంది. దెబ్బ పడ్డాక మరుసటి సీనులో పట్టుచీర కట్టుకుని, తల నిండా పూలు పెట్టుకుని వచ్చి అతని కాళ్లకు దణ్ణం పెడుతుంది. హాలంతా ఈలలు. ప్రొజెక్టరు కేబిన్ గోడకున్న కంతలోంచి నేను రోజూ ఆ దెబ్బ చూసేదాన్ని. అది దగ్గర పడేకొద్దీ నాకు కాళ్లు నిలిచేవి కావు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచేది కాదు. ఆ కేబిన్లో తిరగడానికి చోటెక్కడిది? రెండు మిషన్లు, మేమిద్దరం, ఒళ్లు కాలిపోయే వేడి.

మేమిద్దరమంటే నాయన, నేను. ఉదయగిరిలో దుర్గం కొండ కింద డేరా సినిమా ఉన్నన్నాళ్లు నాయన అక్కడ ఆపరేటరు. డేరా ఎత్తేశాక ఆత్మకూరులో పక్కా హాలుకు వచ్చాడు. ఎనభైల మొదట్లో మాట ఇది. నేను టెన్త్ అయిపోయి ఇంట్లో ఉన్నాను. నాయన కింద పనిచేసే మనిషి మానేసి నెల్లూరు వెళ్లిపోతే, రీళ్లు వెనక్కి చుట్టడానికని నన్ను రమ్మన్నాడు. చుట్టడంతో మొదలై అన్ని పనులూ నా చేతికే వచ్చాయి. అప్పట్లో మిషన్లో వెలుగంటే రెండు కార్బన్ కడ్డీలను ఎదురెదురుగా పెట్టి మండించడమే. ఆ మంటను ఏళ్ల తరబడి చూసి చూసి నాయన కళ్లు దెబ్బతిన్నాయి. రీలు అయిపోవస్తుంటే తెర మీద కుడివైపు పై మూలన ఒక చుక్క మెరుస్తుంది. అది చూసి రెండో మిషను అందుకోవాలి, లేకపోతే తెర తెల్లబోతుంది. ఆ చుక్క నాయనకు కనపడటం మానేసింది. మొదట్లో నేను “చుక్క” అంటే ఆయన చేయి కదిలేది. తర్వాత అనడం కూడా దేనికని నేనే మిషను మార్చేదాన్ని.

హాలు ఓనరుకు నేను పైనుండటం తెలుసు. ఊరికి తెలియకూడదన్నాడు. జనం రాకముందే నేను మెట్లెక్కాలి, హాలు ఖాళీ అయ్యాకే దిగాలి. ఆడపిల్ల మిషను దగ్గరుందని తెలిస్తే ఫిలిం తెగినప్పుడల్లా కుర్చీలు విరగ్గొడతారని ఆయన భయం. మగవాళ్లు నడిపితే మాత్రం ఫిలిం తెగదా అని నేను నాయనతో గొణిగేదాన్ని. నాకు ఆపరేటరు లైసెన్సు కావాలి. దానికి నెల్లూరులో పరీక్ష ఉంటుంది, అప్లికేషను మీద ఓనరు సంతకం ఉండాలి. నాయన భయపడుతూనే అడిగాడు. ఆడవాళ్ల వైపు టార్చి కొట్టే మనిషి లేదు, పిల్లను అది చూసుకోమను, లైసెన్సు సంగతి ఈ పిక్చరు మారాక చూద్దాంలే అన్నాడు ఓనరు. ఆ రోజు నుంచి పిక్చరు ఎప్పుడు మారుతుందా అని నా ప్రాణం కొట్టుకుపోయింది.

అప్పుడే అక్క వచ్చింది. ఆమెను దుత్తలూరులో ఇచ్చాం. కొన్నాళ్లు ఉండి పోదామని పుట్టింటికి వచ్చింది. ఆపరేటరు కూతుర్ని టికెట్టు అడిగేవాళ్లు లేరు గనక రోజూ మ్యాట్నీకి వచ్చి కూర్చునేది. మ్యాట్నీ అంటే ఆడవాళ్ల ఆట. వంట ముగించి, గిన్నెలు తోమి, పిల్లల్ని చంకనేసుకుని చేజర్ల వైపు పల్లెల నుంచి కూడా వచ్చేవాళ్లు. వాళ్ల వైపును వేరుచేస్తూ ఎదురొమ్ము ఎత్తున ఒక గోడ. దెబ్బ పడగానే గోడకు అటువైపు మగవాళ్లు ఈలలు వేయడం నాకు కొత్త కాదు. ఇటువైపు నుంచి చప్పట్లు వినపడటమే మింగుడు పడలేదు. ఇంట్లో బియ్యం ఏరుతున్న అక్కను పట్టుకుని అడిగాను, అందులో చప్పట్లు కొట్టేంత ఏముందని.

“ఆ పొగరుకి ఒకటి పడాల్సిందేలేవే. లేకపోతే సంసారం చేస్తాదా ఆమె?” అంది అక్క.

నాకు ఒళ్లు మండిపోయింది. నీలాంటివాళ్ల వల్లే వాళ్లు అలాంటి సినిమాలు తీస్తారని నోటికొచ్చింది అనేశాను. అక్క కోప్పడలేదు. చేట తిప్పుకుని రాళ్లు ఏరుకుంటూ పోయింది.

ఆ ప్రింటు చాలా ఊళ్లు తిరిగి వచ్చింది, ఒంటి నిండా అతుకులే. ఒకనాడు పొద్దున రీలు చుట్టుతుంటే సరిగ్గా ఆ దెబ్బకు ముందున్న పాత అతుకు ఊడింది. ఊడితే అటూ ఇటూ రెండు మూడు బొమ్మలు కత్తిరించి, అంచులు బ్లేడుతో గీకి, జిగురు రాసి నొక్కి పట్టడం మా పద్ధతి. తెర మీద బొమ్మ చిన్నగా ఎగురుతుంది, అంతే. నాయన టీకి వెళ్లి ఉన్నాడు. నేను రెండు మూడు బొమ్మల దగ్గర ఆగలేదు. ఎత్తిన చేయి, చెంప, ఆమె కన్నీళ్లు, ఆ తర్వాత అతని ఉపన్యాసం, అన్నీ బయటికి లాగాను. బారలకొద్దీ వచ్చింది. చుట్టి ఖాళీ కార్బన్ డబ్బాలో పెట్టాను. అతుకు శుభ్రంగా కుదిరింది.

మ్యాట్నీలో ఆమె ఇంగ్లీషులో తిడుతూ తిడుతూ ఉన్నట్టుండి పట్టుచీరలో వచ్చి అతని కాళ్ల మీద పడింది. మగవాళ్ల వైపు కేకలు, కుర్చీల చప్పుడు. ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు వినపడింది. ఎవరో ఒకామె మొదలుపెట్టింది, కాసేపటికి ఆ వైపంతా అందుకుంది. దీనికేమన్నా దయ్యం పట్టిందా అని ఒకామె అరవడం కేబిన్ దాకా వచ్చింది. దెబ్బ ఒక్కటి తీసేస్తే ఆ దణ్ణం ఇంత నవ్వులాటగా ఉంటుందని నాకే తెలియదు. సంతోషంతో ఉక్కిరిబిక్కిరయ్యాను. ఇంటికొచ్చాక అక్క, ఆ దణ్ణం గుర్తొచ్చినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెళ్లయ్యాక ఆమె అలా నవ్వడం నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ఓనరు కేబిన్‌కు వచ్చాడు. ఆ ముక్క ఏమైందని అడిగాడు.

“నేనే తీసినాను” అన్నాను.

ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. “నీ కళ్లు పోయినాయని ఊరంతా అంటా ఉండారు. తప్పు నువ్వు చేసి పిల్ల మీదకి తోస్తావేందయ్యా? ఇంత నున్నటి అతుకు ఆడపిల్లకి ఎట్ట వస్తాది?” అన్నాడు నాయనతో.

నాయన తల దించుకున్నాడు. ఒప్పుకుంటే నన్ను కాపాడినట్టని అనుకున్నాడో ఏమో, కాదనలేదు. మ్యాట్నీలోపల ఆ ముక్క ఎక్కడిది అక్కడ ఉండాలన్నాడు ఓనరు. నాయన బ్లేడు తీసుకున్నాడు. అంచు ఎక్కడుందో వేలితో తడుముకుంటున్నాడు. రెండు కొసలు కలవడం లేదు. చూడలేక ఆయన చేతిలోంచి లాక్కుని నేను అతికించాను, ఓనరు కళ్ల ముందే. ఓనరు ఆ అతుకు మీద బొటనవేలితో రాసి చూశాడు. ఇప్పుడు అప్లికేషను తెమ్మంటాడనుకున్నాను.

“చేయి బాగుండాది” అన్నాడు. ఆ తర్వాత, పైకి నాయనకు తోడుగా నెల్లూరు నుంచి మనిషిని పిలిపిస్తానని, వాడొచ్చేదాకా చుక్క చెప్పడానికి గేటు కుర్రాణ్ణి పంపుతానని, నేను ఇవాళ మ్యాట్నీ నుంచే కింద టార్చి పట్టుకోవాలని చెప్పి మెట్లు దిగిపోయాడు. నా ఉద్యోగమైతే నిలబడింది కదమ్మా అన్నాడు నాయన. ఆయన మీద కూడా కోపమొచ్చింది నాకు.

ఆ మ్యాట్నీకి టార్చి పట్టుకుని ఆడవాళ్ల వైపు ముందు నిలబడ్డాను. కేబిన్లోంచి నాకు ఎప్పుడూ వాళ్ల కొప్పులే కనపడేవి. ఇప్పుడు తెర వెలుగు పడి ముఖాలు కనపడుతున్నాయి. ఆ సీను వస్తోందని నా కాళ్లకు ముందే తెలిసింది. అక్క చప్పట్లు కొడుతుంటే చూద్దామని, కొట్టాక ఇంట్లో మళ్లీ నిలదీద్దామని ఆమె ముఖం వైపే చూస్తున్నాను.

తెర మీద చేయి ఇంకా లేవనేలేదు. అక్క తల పక్కకు తిరిగిపోయింది. కళ్లు గట్టిగా మూసుకుంది, భుజం పైకి లేచి చెంపకు అడ్డం వచ్చింది. దెబ్బ ఎటు నుంచి వస్తుందో ఒంటికి అలవాటైన మనిషి అలా తిరుగుతుంది. చుట్టూ చప్పట్లు మోగాయి. అక్క చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఇన్ని రోజులు పైనుంచి విని అందులో ఆమె చప్పట్లు కూడా ఉన్నాయనుకున్నాను.

టార్చి ఆర్పి ఆమె పక్కకు వెళ్లి కూర్చున్నాను. అక్క నా వైపు చూడకుండా అడిగింది.

“నిన్న అది లేదు గదే. మళ్లా ఎవురు పెట్టినారు?”

“నేనే” అన్నాను.

ఓనరు నమ్మని ఆ మాటను అక్క వెంటనే నమ్మింది.