గేటు బోర్డు మీది బి.ఎస్సీ.

మా ఇంటి గేటుకు ఒక రేకు బోర్డు ఉంది. దాని మీద నా పేరు, పేరు పక్కన బి.ఎస్సీ., కింద సర్వేయర్ అని రాసి ఉంటుంది. చోడవరంలో ఈ ఇల్లు కట్టుకున్న ఏడాది నా భార్య రాయించింది. పెయింటర్ పక్కన నిలబడి ఏ అక్షరం ఎంత పెద్దగా ఉండాలో ఆవిడే చెప్పిందట. నేను ఆ రోజు రావికమతం వైపు కొలతల పని మీద ఉన్నాను. సాయంత్రం వచ్చి చూసేసరికి రంగు ఇంకా ఆరలేదు. అప్పటి డైరీలో "గేటుకు బోర్డు పెట్టారు" అని మాత్రమే ఉంది.

నిజానికి నేను బి.ఎస్సీ. పాసవలేదు. అన్ని పేపర్లూ గట్టెక్కి కలన గణితం ఒక్కటి మిగిలిపోయింది. దాన్ని మళ్ళీ రాసేలోగా సర్వే ట్రైనింగుకు పిలుపు వచ్చింది. ఆ ఉద్యోగానికి ఇంటర్ చాలు. ఆ తర్వాత వడ్డాదికి పెళ్ళిచూపులకు వెళ్ళాం. "అబ్బాయి ఏటి సదివేడు?" అని పిల్ల తండ్రి అడిగారు. మా పెదనాన్న తడుముకోకుండా "బీయెస్సీ బావగారూ, లెక్కలు" అన్నాడు. నేను చేతిలో ఉన్న కాఫీ గ్లాసు చూస్తూ ఊరుకున్నాను. లోపలి గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మాయి ఒకసారి తలెత్తి నా వైపు చూసింది. ఆ రోజు డైరీ ఇప్పటికీ బీరువాలో ఉంది. "బి.ఎస్సీ. అని చెప్పారు. నేను సరిదిద్దలేదు."

తర్వాత కూడా సరిదిద్దలేదు. ఆవిడ ఏడో తరగతితో ఆగిపోయిన మనిషి. వీధిలో ఎవరి పిల్లలకు లెక్క రాకపోయినా "మా ఆయన దగ్గరకి తీసుకురండి, డిగ్రీ సదివినోరు" అని పిలిచేది. ఇంటర్ లెక్కల దాకా నేను చెప్పగలిగేవాణ్ణి. ఎవరైనా డిగ్రీ పుస్తకం పట్టుకొస్తే ఆ రోజు నాకు ఏదో ఒక పని పడేది.

ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. మాకు పిల్లలు లేరు. పొద్దున్న పేపరు పట్టుకుని వాకిట్లో కూర్చుంటే గేటు ఎదురుగా ఉంటుంది. లోపలి వైపు నుంచి చూస్తే ఆ బోర్డు తుప్పు పట్టిన రేకు. ఎంతసేపు చూసినా రేకే. కానీ అటువైపు ఏం రాసి ఉందో నాకు తెలుసు.

రిటైరయ్యాక ఒకరోజు, దూరవిద్యలో డిగ్రీ లెక్కలు, బీజగణితం నుంచి కలనం దాకా, అని కాలేజీ గోడ మీద కాగితం చూసి లోపలికి వెళ్ళాను. పాత మార్కులు చెల్లవన్నారు. మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆదివారం క్లాసులు, ఫోన్‌లో చూసుకునే పాఠాలు, వెనకబడిన వాళ్ళకు బుధవారం సాయంత్రం ఒక గంట సందేహాలు తీరుస్తారు. ఆ వివరాలన్నీ ఇంటికొచ్చి డైరీలో ఎత్తి రాసుకున్నాను. చేరిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ముందు పాసవలేదని చెప్పాలి.

ఆదివారం పూట సంచితో నడుస్తుంటే మెయిన్ రోడ్డు మీద ఎరువుల కొట్టాయన పలకరించేవాడు.

"కాలేజీకేటి మేస్టారూ? పాఠాలు సెప్తన్నారంట గదా."

బోర్డు మీద ఉన్నదాన్ని బట్టి అలా అనుకున్నాడు. నేను నవ్వి ముందుకు నడిచేవాణ్ణి. అంటే అక్కడ కూడా సరిదిద్దలేదన్నమాట.

బీజగణితం మొదలైనప్పుడు మేం పదకొండు మందిమి. త్రికోణమితి వచ్చేసరికి ఆరుగురం, జ్యామితిలో ముగ్గురం. కలనం మొదటి ఆదివారం గదిలో నేనొక్కణ్ణే. లెక్చరర్ చిన్న వయసు అమ్మాయి, దేవరాపల్లి నుంచి షేర్ ఆటోలో వచ్చేది. గుమ్మంలోనే ఆగి బెంచీలన్నీ చూసింది.

"మీరొక్కరేనా మేస్టారూ?"

"ఒక్కణ్ణే మేడమ్. క్లాసు లేదంటే వెళ్ళిపోతాను."

"అంత దూరం ఆటోలో ఇరుక్కుని వచ్చేనండి. మీరు వెళ్ళిపోతే ఎవరికి సెప్పాలి, బెంచీలకా?"

ఆమె చెప్పింది, నేను విన్నాను. అలవాటు కొద్దీ గది చివరిదాకా వినపడేలా చెప్పేది. "అర్థమయిందా?" అని వెనక బెంచీల వైపు కూడా చూసేది. ఆమె చూసినప్పుడల్లా నేనూ వెనక్కి తిరిగేవాణ్ణి.

సమాకలనం దగ్గర నా ఉద్యోగం నాకు అడ్డొచ్చింది. y = x² అనే వక్రం కింద, సున్నా నుంచి మూడు దాకా, వైశాల్యం కట్టమని మేడమ్ ఇంటికి లెక్క ఇచ్చింది. పొలం గట్టు వంకరగా ఉంటే సర్వేలో మేం చేసే పని ఒకటుంది. ఆ వంకర మీద ఒక తిన్నని గీత గీస్తాం. గీతకు అవతల ఎంత నేల పోతుందో, ఇవతల అంత నేల కలిసేలా చూసుకుంటాం. ఇచ్చిపుచ్చుకునే గీత అనేవాళ్ళం. అప్పుడు వంకర పొలం త్రిభుజమో నలుచదరమో అయిపోతుంది, లెక్క తేలిక. గ్రాఫు కాగితం మీద ఆ వక్రం గీసి, అడుగున ఒకటి దగ్గర మొదలుపెట్టి పైన వక్రం చివర తొమ్మిది దాకా స్కేలుతో గీత లాగాను. త్రిభుజం వచ్చింది. భూమి రెండు, ఎత్తు తొమ్మిది, వైశాల్యం తొమ్మిది. రెండు నిమిషాల పని.

ఆమె సున్నా వేసి ఇచ్చింది.

"జవాబు తప్పా మేడమ్?"

"తప్పు కాదండి. తొమ్మిదే."

"మరి సున్నా ఏటి?"

"ఆ గీత ఎక్కడ గీయాలో మీకెలా తెలిసింది?"

"కంటికి తెలిసిపోతాది. ముప్పయ్యారేళ్ళు అదే పని సేసేను."

"మీ కంటికి తెలుస్తాది మేస్టారూ. పేపరు దిద్దే ఆయనకి మీ కన్ను లేదు గదా. గట్టు వంకరగా ఉంటే వంకరగానే ఉంచి కొలవడం ఈ సదువు. తిన్నగా సేసేసుకుంటే ఇంక కలనం ఎందుకండీ?"

నేను తలూపాను. ఇంటికొచ్చి ఆమె చెప్పిన పద్ధతిలో అదే లెక్క ఐదుసార్లు చేశాను. అయినా పరీక్షలో అలవాటే గెలిచింది. చివరి పావుగంటకు వైశాల్యం లెక్కలు రెండు మిగిలాయి. సూత్రం మనసుకు అందలేదు. చెయ్యి దానంతట అదే స్కేలు తీసుకుంది. రెండింటికీ అలాగే గీతలు లాగి వచ్చేశాను. మిగతా పేపర్లన్నీ గట్టెక్కాయి, కలనంలో ముప్పై నాలుగు మార్కులు వచ్చాయి. పాసవడానికి నలభై కావాలి.

బీరువాలోంచి పాత డైరీ తీసి చూశాను. మొదటిసారి ఫెయిలైన రోజు పేజీలో "కలనం పోయింది" అని ఉంది. కొత్త డైరీలోనూ అదే రాశాను. ఇంకేమీ రాయబుద్ధి కాలేదు. వదిలేద్దామనుకున్నాను. వదిలేశానని చెప్పడానికి కూడా ఎవరూ లేరు. చేరానని తెలిస్తే కదా.

ఆ వారమే మా మరదలు వడ్డాది నుంచి ఫోన్ చేసింది. నా భార్యకు ఒక్కతే చెల్లెలు.

"ఏటి బావా, ఆదివారం ఫోన్ సేస్తే ఎత్తవేటి? కాలేజీలో పాఠాలు సెప్తన్నావంట గదా. మాతో ఒక ముక్క అన్నావు కాదు."

"నీకెవరు సెప్పేరు?"

"ఎరువులకని మా ఆయన సోడవరం వచ్చేడు గదా, ఆ కొట్లో సెప్పేరంట. అక్క ఉంటే వడ్డాది అంతా తిరిగి సెప్పుకునీది."

"ఊఁ" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ "ఊఁ" మీద చాలాసేపు కూర్చున్నాను. పెళ్ళిచూపుల్లో నోరు మెదపకుండా ఊరుకున్నాను. ఈసారి అబద్ధానికి నా గొంతు కూడా కలిపాను.

బుధవారం సందేహాల గంటకు వెళ్ళాను. అక్కడా నేనొక్కణ్ణే. పరీక్ష మళ్ళీ రాస్తానని మేడమ్‌తో అన్నాను.

"అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. ఉద్యోగం అయిపోయింది, ప్రమోషన్ లేదు. ఈ వయసులో మీకెందుకండీ ఇది?"

బోర్డు సంగతి చెప్పాను. వడ్డాదిలో కాఫీ గ్లాసు సంగతి కూడా. ఇంకొక మనిషికి ఆ మాట చెప్పడం అదే మొదలు. ఆమె ఓదార్చలేదు.

"బోర్డు ఇప్పేస్తే సరిపోద్ది కదా. రెండు స్క్రూలు."

"ఆవిడ రాయించింది మేడమ్."

ఆమె చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

"అయితే ప్రతి బుధవారం రండి. స్కేలు ఇంటి కాడ వదిలీసి రండి."

నాలుగు నెలలు వెళ్ళాను. ఒక బుధవారం వాన, ఆటోలు తిరగలేదు, ఆమె రాలేదు. నేను గదిలో కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను. సర్వేలో గొలుసు పరిచి, దాని మీద పదేసి మీటర్లకు ఒకచోట ఆగి, గట్టు దాకా ఎంత దూరమో కొలిచేవాళ్ళం. ఆ పది మీటర్లు ఐదు చేస్తే? ఒకటి చేస్తే? జానెడు చేస్తే? అలా తగ్గించుకుంటూ పోతే గీత లాగాల్సిన అవసరమే ఉండదు. గట్టు ఎలా వంగితే కొలత అలా వంగుతుంది. పుస్తకంలో సమాకలనానికి వేసే ఆ పొడుగాటి గుర్తు చెబుతున్నది ఇదే. అన్నేళ్ళు పొలాల్లో తిరిగినా దాని అంచు దాకా వచ్చి ఆగిపోయాను.

తలెత్తి చూశాను. గదిలో చెప్పుకోవడానికి ఎవరూ లేరు. లేచి వెళ్ళి ఆ లెక్క మొత్తం బోర్డు మీద రాశాను. కాసేపు చూసి, తుడిచేసి, వాన తగ్గాక ఇంటికి వచ్చాను.

రెండోసారి ఫలితాలు ఫోన్‌లో వచ్చాయి. నలభై మూడు. నెంబరు సరిచూసుకుని, మళ్ళీ చూసుకున్నాను. లెక్చరర్ అప్పటికి విశాఖపట్నంలో వేరే కాలేజీలో చేరింది. ఆమెకు మెసేజ్ పెట్టాను. "స్కేలు వాడలేదు కదా?" అని జవాబు వచ్చింది. వాడలేదని పంపాను. చేతులు జోడించిన బొమ్మ ఒకటి వచ్చింది. అంతటితో ఆగింది.

ఆ పూట ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. ఊళ్ళో ఎవరికి చెప్పాలన్నా వాళ్ళ దృష్టిలో నేను ఎప్పుడో పాసయినవాణ్ణి. నిజంగా తెలియాల్సిన మనిషి లేదు.

ఆదివారం పొద్దున్న మరదలికి నేనే ఫోన్ చేశాను.

"ఒక మాట సెప్పాలి. నేను డిగ్రీ పాసయ్యేను. మొన్ననే."

"మొన్నేటి బావా?"

"అప్పుడు పాసవలేదు. మా పెదనాన్న మీ నాన్నతో అబద్ధం ఆడేడు. నేను ఊరుకున్నాను. మీ అక్కకి ఆఖరిదాకా సెప్పలేదు. కాలేజీలో పాఠాలూ సెప్పలేదు, సదువుకున్నాను."

అవతల కుక్కరు రెండు కూతలు కూసింది.

"ఎన్ని మార్కులొచ్చేయి?"

"నలభై మూడు."

"నూటికా?"

"నూటికే."

"అక్క ఉంటే తొంభై అని సెప్పుకునీది."

తర్వాత గొంతు మారింది. "దానికి సెప్పాల్సింది బావా."

"సెప్పాల్సింది."

కుక్కరు దించాలని పెట్టేసింది. క్లాసు వేళయింది కానీ ఇక క్లాసులు లేవు. అయినా చొక్కా వేసుకుని గేటు దాటి రోడ్డు మీదకు వెళ్ళి, అక్కడి నుంచి బోర్డు చదివాను. సర్వేయర్ అన్న మాట సగం రాలిపోయింది. బి.ఎస్సీ. ఇంకా చదవడానికి వస్తుంది.

ఎరువుల కొట్టాయన బండి మీద పోతూ ఆగాడు.

"ఏటి మేస్టారూ, ఈ రోజు పాఠాలు లేవా?"

"నేను పాఠాలు సెప్పడానికి వెళ్ళలేదు బాబూ. సదువుకోడానికి వెళ్ళేను. మొన్ననే డిగ్రీ పాసయ్యేను."

ఆయన బోర్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు, గట్టిగా నవ్వాడు.

"భలేవోరు మీరు" అని బండి తీశాడు.

నేను ఇంకా చెప్పబోతున్నాను. బండి మలుపు తిరిగిపోయింది. లోపలికి వచ్చి, ఆ రోజు పేజీ తీసి, ఆయన అన్నదీ నేను అన్నదీ ఒకదాని కింద ఒకటి రాశాను. కింద "సరిదిద్దాను" అని రాసి, గేటు గడియ వేయలేదని గుర్తొచ్చి మళ్ళీ బయటకు వెళ్ళాను.